ముసురులో పక్షుల లెక్క: గోదావరి డెల్టాలో పక్షి వీక్షణ చరిత్ర

గోదావరి డెల్టాలో పక్షులను చూడడం శీతకాలపు పని. ఉత్తరాన సైబీరియా, మంగోలియా, టిబెట్ ప్రాంతాల్లో నేల గడ్డకట్టడం మొదలయ్యాక అక్కడి నీటిపక్షులు దక్షిణానికి దిగుతాయి. తొలి గుంపులు భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లోనే కాకినాడ తీరానికి చేరతాయి. ధనుర్మాసం వచ్చేసరికి కోరంగి బురద మేటలూ కొల్లేటి నీళ్లూ వాటితో నిండిపోతాయి. అయితే ఈశాన్య రుతుపవనాల కాలమూ, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచే కాలమూ కూడా ఇదే. నవంబరు, డిసెంబరు నెలల్లో ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు వదలదు. జనవరిలో వాన తగ్గినా తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది, సముద్రం మీద నుంచి ఈదురుగాలి కొడుతుంది. ఉత్తరాది చలితో పోలిస్తే ఇది చలే కాకపోవచ్చు గాని, తడిబట్టలతో పడవలో మూడు గంటలు కూర్చున్నవాళ్లకు పళ్లు టకటకలాడించడానికి ఈ మాత్రం చాలు. పక్షులు ఎక్కువగా ఉండే రోజులు, మనిషి బయట తిరగడానికి అంత అనువుగా లేని రోజులు ఒకటే కావడం ఈ ప్రాంతపు పక్షి వీక్షణకు మొదటి నుంచీ ఉన్న చిక్కు.

పుస్తకాలకెక్కకముందే డెల్టా పక్షులను జనం బాగా ఎరుగుదురు. కొల్లేటి లంకల్లో చేపలు పట్టి బతికిన వడ్డీలకు, కోరంగి చుట్టుపక్కల మత్స్యకారులకు పక్షులు రోజూ కనపడే తోటి వేటగాళ్లు. సంచిలాంటి ముక్కుతో చేపల్ని తోడుకునేది గూడబాతు. మునిగి చేపను పట్టి, తేలి, రెక్కలు ఆరబెట్టుకునేది నీటికాకి. నత్తల్ని ఏరుకు తినేది నత్తగుల్ల కొంగ. గట్టున కదలకుండా నిలబడేది నారాయణ పక్షి. నల్లటి ఒంటికి తెల్లటి నుదురున్నది బొల్లికోడి. చలికాలంలో గుంపులుగా దిగే బాతులు పరజలు. బురదలో పరుగెత్తే చిన్న పిట్టలన్నీ ఉల్లంకులు. ఏ పక్షి ఎటు వాలితే అటు చేపలున్నాయని, ఏ గుంపు ఎప్పుడు లేచిపోతే గాలి తిరుగుతుందని పడవవాళ్లకు తెలుసు. తినే పక్షుల మీద వేటా ఉండేది. వలలతో, ఉచ్చులతో పట్టిన పరజలు, బొల్లికోళ్లు సంతల్లో అమ్ముడుపోయేవి. ఈ తెలివిడి అంతా నోటిమాటగానే ఉండిపోయింది. ఏ ఏడు ఎన్ని పక్షులొచ్చాయన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు, రాయాల్సిన అవసరం వారికి లేదు.

రాత పందొమ్మిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులతో మొదలైంది. ఆ రోజుల్లో పక్షిని చూడడమంటే కాల్చి, చర్మం ఒలిచి, పత్తి కూరి, పెట్టెలో పెట్టడమే. మద్రాసు సైన్యంలో వైద్యుడు థామస్ జెర్డన్ ద్వీపకల్పంలోని పక్షుల పట్టికను 1839–40లో ప్రచురించాడు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. 1862–64లో వెలువడిన ఆయన పుస్తకం 'ద బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా చేరాయి. ఆ పేర్లు చెప్పిన వేటగాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. జెర్డన్‌కు తమ పరిశీలనలు అందించినవారిలో వాల్టర్ ఎలియట్ ఒకడు. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన ఎలియట్‌కు తెలుగు వచ్చు. శాసనాలు, నాణేలు, మొక్కలు, జంతువులు అన్నిటి మీదా ఆసక్తి ఉంది. సరిగ్గా ఆయన పదవిలో ఉన్న ఏళ్లలోనే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆ ఆనకట్ట డెల్టాలో వరిసాగును విస్తరించింది. నిలవ నీటిలో నెలల తరబడి ఉండే వరిచేలు కొంగలకు, బాతులకు, ఉల్లంకులకు కొత్త మేతబీళ్లయ్యాయి. చలికాలంలో తుపాకీ భుజాన వేసుకుని మడుల గట్ల మీద ఉల్లంకి వేటకు పోవడం తెల్ల అధికారులకు సరదాగా మారింది. ఆ వేట లెక్కల్లో పడిపోయిన పిట్టలే గాని ఎగిరిపోయినవి లేవు.

తుపాకీ దించి కంటితో లెక్కపెట్టే పద్ధతి అమెరికాలో ఒక పండుగ వేటకు మారుగా పుట్టింది. క్రిస్మస్ రోజున జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ పక్షుల్ని, జంతువుల్ని కాలుస్తారో పందెం వేసుకునే ఆచారం అక్కడ ఉండేది. దానికి బదులుగా ఆ రోజున పక్షుల్ని లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త పిలుపిచ్చాడు. 1900 డిసెంబరు 25న అమెరికా, కెనడాలలోని 25 చోట్ల 27 మంది ఆ పని చేశారు. నడిశీతకాలంలో, జట్టుగా, ఒకే రోజున లెక్కించడమన్న ఆలోచనకు అది నాంది. భారతదేశంలో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం సేకరణే సాగింది. 1883లో ఏర్పడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1929 నుంచి తూర్పు కనుమల్లో వెర్నే సర్వే నడిపించింది. ఆ సర్వే నివేదికలు హ్యూ విస్లర్, ఎన్.బి. కిన్నియర్ రాయగా సొసైటీ పత్రికలో ఏళ్ల తరబడి వచ్చాయి. కొండల పక్షులకు దక్కిన ఆ శ్రద్ధ డెల్టా పల్లానికి అంతగా దక్కలేదు. 1941లో సలీం అలీ 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' వచ్చాక గాని, చేతిలో బొమ్మల పుస్తకం పట్టుకుని పక్షిని చంపకుండానే పోల్చుకునే వీలు మామూలు చదువరికి కలగలేదు.

డెల్టా పక్షి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంఘటన 1946లో జరిగింది. మలయాళీ పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి దగ్గర ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల గూళ్లను కనుగొన్నాడు. అప్పటికి అక్కడ దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. దక్షిణ భారతంలో గూడబాతులు గుంపుగా పిల్లల్ని పొదిగే చోట్లు అప్పట్లో ఎంత అరుదంటే, జెర్డన్ తన కాలంలో కర్నాటిక్ ప్రాంతంలో ఊరి నడుమ చెట్ల మీద చూసిన ఒక గూళ్ల గుంపు గురించి రాసిన నాలుగు మాటల్ని శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు తిరగేస్తూ వచ్చారు. 1902లో కడప జిల్లాలో కనబడిన మరో గుంపు మళ్లీ ఎవరికీ దొరకలేదు. అలాంటి స్థితిలో ఆరేడు వార్త వచ్చింది. 1949లో బొంబాయి సొసైటీ పత్రికలో నీలకంఠన్ వ్యాసం వెలువడింది. ఆయనే తర్వాత ఇందుచూడన్ అన్న కలంపేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద ప్రామాణిక గ్రంథం రాశాడు.

ఊరివాళ్లకు అది వార్త కాదు. గూడబాతు చిన్న పక్షీ కాదు, గుట్టుగా గూడు కట్టేదీ కాదు. చెట్టుకొమ్మ వంగిపోయేంత బరువుతో, పిల్లల అరుపులతో, చేపల నీచువాసనతో వీధి వీధంతా దాని ఉనికి తెలిసిపోతుంది. వేల సంఖ్యలో ఉన్న అలాంటి పక్షి శాస్త్రం కంట పడడానికి 1946 దాకా పట్టడం చూస్తే, డెల్టాలో తెలిసినవాళ్లకూ రాసేవాళ్లకూ నడుమ ఎంత దూరముందో అర్థమవుతుంది. ఇంతకన్నా విచారించాల్సింది ఆ తర్వాతి కథ. 1975 నాటికి ఆరేడు గూళ్లు లేకుండా పోయాయి. మూడు దశాబ్దాల్లో ఏ ఏడు ఎన్ని తగ్గాయి, ఒక్కసారిగా లేచిపోయాయా, కొంచెం కొంచెంగా పలచబడ్డాయా అన్నది ఏటేటా ఒకే తేదీల్లో, ఒకే పద్ధతిలో లెక్క తీస్తేనే తెలుస్తుంది. అలాంటి ఏర్పాటు అప్పటికి దేశంలో లేదు. ఒక మనిషి ఒక ఏడాది చూసి రాసినది ఎంత విలువైనదైనా, అది ఆ ఏటి మాటే. జట్టుగా, ఏటేటా లెక్కించాల్సిన అవసరాన్ని ఈ ప్రాంతంలో ఆరేడు కన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

ఆ ఏర్పాటుకు కావలసినవి ఒక్కొక్కటే సమకూరాయి. 1959 డిసెంబరులో జాఫర్ ఫతేహల్లీ బొంబాయి నుంచి 'న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్' మొదలుపెట్టాడు. శాస్త్రజ్ఞులు కానివాళ్లు తమ ఊళ్లో చూసినది రాసుకోవడానికి అది చోటిచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు అడ్డుకట్టలు పడ్డాయి. 1978లో కోరంగి మడ అడవుల్లో 235.70 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సభ్యులు కలిసి చెరువులకు, అడవులకు వెళ్లడం, చూసినవాటిని తమ పత్రిక 'పిట్ట'లో అచ్చువేయడం దాని పని. ఈ సంఘమే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తోంది. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల పట్టిక వెలువరించారు. రాష్ట్రంలో ఎక్కడ ఏ పక్షి కనబడిందో ఒకచోట చూసుకునే వీలు దానితో ఏర్పడింది.

ఇక లెక్క సంగతి. యూరప్‌లో 1967 నుంచి శీతకాలపు నీటిపక్షుల గణన ఒక క్రమంలో జరుగుతోంది. అదే పద్ధతిలో ఆసియా నీటిపక్షుల గణన 1987లో భారత ఉపఖండంలో మొదలైంది. ఏటా జనవరి రెండు, మూడు వారాల్లో స్వచ్ఛంద పరిశీలకులు తమకు దగ్గరున్న చెరువుకో, సరస్సుకో, తీరానికో వెళ్లి కనబడిన ప్రతి నీటిపక్షినీ లెక్కిస్తారు. జనవరినే ఎంచుకోవడానికి కారణముంది. వచ్చే వలసలు అప్పటికి ఆగిపోతాయి, తిరుగు ప్రయాణాలు ఇంకా మొదలుకావు. పక్షులు ఒకచోట కుదురుగా ఉండే రోజులవే. అందరూ ఒకేసారి లెక్కిస్తే కొల్లేటిలో లెక్కపడిన బాతు మర్నాడు పులికాట్‌లో మళ్లీ లెక్కపడే తప్పు తగ్గుతుంది. తెలుగువాళ్లకు ఆ వారాలు సంక్రాంతి రోజులు. అటవీ శాఖ సిబ్బంది, కళాశాల విద్యార్థులు, హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో వచ్చిన పరిశీలకులు, స్థానిక పడవవాళ్లు కలిసి ఒక జట్టు కావడం ఈ గణనతోనే అలవాటైంది.

డెల్టాలో ఈ పని అన్నిటికన్నా కష్టంగా, అన్నిటికన్నా ఆసక్తిగా సాగేది కోరంగిలో. గోదావరి గౌతమీ పాయ తెచ్చిన ఒండ్రుతో కాకినాడ అఖాతం దక్షిణపు అంచు మేటలు వేసింది. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు ఆ ఒండ్రుకే పూడిపోయింది. 1789, 1839 సంవత్సరాల్లో వచ్చిన తుపానుల ఉప్పెనలు ఆ ఊరిని ముంచెత్తాయి. గౌతమి సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరంగా ఇసుకదిబ్బ పెరుగుతూ పోయి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్‌గా నిలిచింది. దాని చాటున అఖాతంలో అలజడి తగ్గి బురద మేటలు విశాలంగా పరుచుకున్నాయి. ఓడలకు చెరుపు చేసిన ఒండ్రే పక్షులకు మేతయింది. పురుగులు, గుల్లలు, పీతపిల్లలు ఆ బురదలో కోకొల్లలు.

అక్కడ ఆటుపోట్లే గడియారం. పాటు వేళ నీరు వెనక్కి తీయగానే ఉల్లంకులు కనుచూపు మేర చెల్లాచెదురుగా మేస్తాయి. అప్పుడు లెక్క కుదరదు. పోటు ఎక్కేకొద్దీ మేత భూమి మునిగిపోయి పక్షులన్నీ మునగని ఇసుకతిన్నెల మీదకు చేరతాయి. లెక్కించాల్సింది అప్పుడు. అందుకే జట్టు బయలుదేరే వేళను నాయకుడు కాదు, పోటు నిర్ణయిస్తుంది. చీకటితో లేచి, మడ చెట్ల నడుమ కాలువల్లో పడవ మీద పోయి, తిన్నెకు తగినంత దూరంలో ఆగాలి. మరీ దగ్గరికి పోతే గుంపు లేచిపోతుంది, లేచిన గుంపు మళ్లీ ఎక్కడ వాలుతుందో చెప్పలేం. ఏ కాలువలో ఎంత నీరుంటే పడవ తగలకుండా పోతుందో, ఏ తిన్నె ఈ ఏడు కోసుకుపోయిందో పడవ నడిపే మత్స్యకారుడికే తెలుసు. ఆయన లేకుండా ఏ నిపుణుడి లెక్కా తెమలదు.

తిన్నె మీద వేల పక్షులు ఒరుసుకుని నిలబడి ఉంటే ఒక్కొక్కదాన్ని లెక్కపెట్టడం అసాధ్యం. ముందు పదింటిని విడిగా లెక్కించి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో గుర్తుపెట్టుకుంటారు. అదే కొలతను పక్కకు జరుపుతూ పది, ఇరవై, ముప్పై అని పోతారు. గుంపు పెద్దదైతే కొలత వందవుతుంది. ఒకరు స్కోప్‌లో కన్ను పెట్టి పైకి చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. మూడో మనిషి వేరుగా లెక్కించి పోల్చి చూస్తాడు. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువైతే మళ్లీ మొదలు. ఇంతలో జల్లు పడితే అద్దం మీద చుక్కలు నిలిచి బూడిదరంగు పిట్టలన్నీ ఒక్కలాగే కనబడతాయి. నోటుపుస్తకం కాగితం నాని పెన్ను పారదు. పెన్సిలే గతి, లేదా నీరు తగలని సంచిలో పుస్తకం పెట్టి రాయాలి. పక్షులూ వాన వేళ తీరు మార్చుకుంటాయి. గాలికి ఎదురుగా మొహం పెట్టి, మెడ లోపలికి ముడుచుకుని, ఒంటికాలి మీద ఒదిగి నిలబడతాయి. ముక్కు పొడవును బట్టి పోల్చుకుందామంటే ముక్కు వీపు ఈకల్లో ఉంటుంది. అలా నిలబడిన గుంపు తొందరగా లేవదు గనుక మొత్తం ఎన్నో తేలడం సులువే గాని, ఏ జాతివి ఎన్నో తేలడం కష్టం. వాన ఆగాక ఒళ్లు దులుపుకుని రెక్కలు చాచే కొద్ది నిమిషాల్లోనే జట్టు కళ్లన్నీ కలిసి పని ముగించాలి.

ఈ కష్టం ఊరికే పోదు. కాకినాడ తీరంలో కనబడే గ్రేట్ నాట్ అనే ఉల్లంకి ఈశాన్య సైబీరియా కొండల్లో పొదుగుతుంది. చలికాలంలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాకు పోతుంది, కొన్ని భారత తీరానికి వస్తాయి. దారిలో కొరియా, చైనాల మధ్యనున్న పసుపు సముద్రపు బురద మేటల మీద ఆగి మేస్తాయి. 2006లో దక్షిణ కొరియా సేమంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల పొడవైన గోడ కట్టి పెద్ద బురద మేటను సముద్రం నుంచి వేరుచేసింది. అక్కడ ఆగే నాట్‌లు వేరే చోటికి పోయాయా, చనిపోయాయా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది ఇతర చోట్ల ఏటేటా తీసిన లెక్కల నుంచే. వేరే చోట్ల అవి పెరగలేదు, ఆస్ట్రేలియాలో తగ్గాయి. 2015లో ఆ జాతిని అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో చేర్చారు. కాకినాడలో జల్లులో రాసుకున్న ఒక అంకె ఆ పెద్ద లెక్కలో ఒక అడ్డువరుస.

అక్కడి మరో అతిథి ఇండియన్ స్కిమ్మర్. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజ రంగు ముక్కు. కింది ముక్కు పైదానికన్నా పొడవు. నోరు తెరిచి ఆ కింది ముక్కును నీటిలో ఆనించి సూటిగా ఎగురుతూ పోతుంది. చేప తగలగానే పై ముక్కు టక్కున మూసుకుంటుంది. చంబల్ వంటి నదుల ఇసుకతిన్నెల మీద వేసవిలో పొదిగే ఈ పక్షి చలికాలంలో కాకినాడ తీరపు తిన్నెల మీద కనబడుతుంది. 2020 నుంచి ఇదీ ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరింది. 2010ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో తూర్పు గోదావరి నదీముఖ పర్యావరణ ప్రాజెక్టు నడిచాక ఈ తిన్నెల విలువ అటవీ శాఖకే కాక చుట్టుపక్కల పరిశ్రమలకు, ఊళ్లకు కూడా కొంత తెలిసివచ్చింది.

తుపానులు లెక్కను పాడుచేయడమే కాదు, కొన్నిసార్లు కొత్త పుటనూ చేరుస్తాయి. నడిసముద్రంలో బతుకుతూ ఒడ్డుకు రాని పక్షుల్ని గాలి తోసుకొచ్చి తీరాన పడేస్తుంది. అలసిపోయిన అలాంటి పక్షులు ఉప్పుమడుల్లోనో చెరువుల్లోనో దొరకడం తూర్పు తీరం పొడవునా తెలిసిన విషయమే. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. వానతో పాటు వణికించే చలిగాలి వీచిన తుపానది. అలాంటి రోజుల్లో సముద్రం మీదకు పడవ తీయకూడదు, తీసేవాళ్లూ ఉండరు. గాలి తగ్గిన మర్నాటి నుంచి మాత్రం ఒడ్డు వెంబడి చూసేవాళ్లకు చేతినిండా పని.

కొల్లేటిలో లెక్క మరో దారిలో సాగింది. 68 వాగులు, కాలువలు తెచ్చే నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ మంచినీటి సరస్సు 1980ల నుంచి చేపల చెరువుల కింద ముక్కలైంది. 1999 అక్టోబరులో ఐదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) లోపలి 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా నమోదైంది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో అభయారణ్యంలోని చెరువుల గట్లను తెగ్గొట్టారు. చెరువుల మీద బతికినవాళ్లకు అది పిడుగుపాటు, ఆ వివాదం నేటికీ చల్లారలేదు. ఆరేడును వదిలిన గూడబాతులకు ఇటీవలి దశాబ్దాల్లో కైకలూరు దగ్గరి ఆటపాక నెలవైంది. చెట్లు చాలక అటవీ శాఖ నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకున్నాయి. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. శీతకాలం పొద్దున పొగమంచులో ఆటపాక గట్టు మీద కళాశాల పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఒక్కో స్టాండు ఒక్కొక్కరికి అప్పగిస్తే లెక్క చకచకా తేలుతుంది. కొత్తవాళ్లు ఈ విద్య నేర్చుకోవడానికి కోరంగి కన్నా ఆటపాకే మంచి బడి.

ఇప్పుడు కాగితం మీది అంకెలు ఆ సాయంత్రానికే ఈబర్డ్ లాంటి ఆన్‌లైన్ వేదికల మీదకు చేరుతున్నాయి. ఒకప్పుడు ఒక్కో పరిశీలకుడి అలమరలో పసుపుబారిన నోటుపుస్తకాలు ఇప్పుడు అందరికీ కనబడే పట్టికలవుతున్నాయి. ఈ పట్టికలకు చట్టపరమైన బరువూ ఉంది. ఒక చిత్తడి నేలలో క్రమంగా 20,000 నీటిపక్షులు ఉన్నా, ఏదైనా ఒక జాతి లేక ఉపజాతి మొత్తం సంఖ్యలో నూటికి ఒకటి అక్కడ ఉన్నా దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా రామ్‌సార్ ఒప్పందం గుర్తిస్తుంది. నూటికి ఒకటి అని తేల్చాలంటే ఇక్కడి లెక్కా కావాలి, ఆ జాతి లేక ఉపజాతి మొత్తం లెక్కా కావాలి, రెండూ ఒకే కాలానివై ఉండాలి. ఒక ఏటి లెక్క తప్పితే ఆ వరుసలో ఖాళీ పడుతుంది. అందుకే జనవరి రెండు, మూడు వారాల్లో ముసురు పట్టి పడవ కదలని ఏడు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీలైన మరో రోజున తీసిన లెక్కను కూడా గణన నిర్వాహకులు తీసుకుంటారు.